గొడ్డలి కాదు, దోటి! రాజులను కూల్చింది కొక్కెమే

నమస్కారం. “హాల్బర్డ్ ఉక్కు కవచాన్ని చీల్చదు” అని పోయిన వీడియోలో ఒక్క మాట అన్నాను. హాల్బర్డ్ అంటే పొడవాటి కర్రకు గొడ్డలి, మొన, కొక్కెం బిగించిన పాత యూరప్ ఆయుధం. ఎన్ని తిట్లు! సగం మందిది ఒకటే ప్రశ్న: “ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ పుర్రె చూశావా?” చూశాను. సరిగ్గా చూడనిది మీరే!

1485 ఆగస్టు 22, ఆ రాజు చనిపోయిన బాస్‌వర్త్ యుద్ధం. లెస్టర్‌లో 2012లో కారు పార్కింగు స్థలం తవ్వితే దొరికిన ఆ అస్థిపంజరం మీద 11 గాయాలు. తొమ్మిది తలకే! పుర్రె అడుగున ఎముక ఎగిరిపోయింది. హాల్బర్డ్ లాంటి ఆయుధం దెబ్బ కావచ్చునని పరిశోధకులే అన్నారు. సరే, మరి చేతులకు? అడ్డుకున్న గాయం ఒక్కటీ లేదు. అంటే ఒంటి మీద కవచం ఉంది, తల మీద శిరస్త్రాణం లేదు. అది చీల్చింది ఉక్కును కాదండీ, ఉత్త తలను!

శిరస్త్రాణం ఎలా పోయింది? ఎవరూ చూడలేదు, కానీ నా అనుమానం కొక్కెం మీదే. హాల్బర్డ్‌ను మీరు గొడ్డలి అంటారు. నేను దోటి అంటాను. మామిడికాయలు కోసే దోటే, నవ్వకండి! హాల్బర్డ్‌కు చుట్టమైన, ఇంగ్లీషు సైనికుల కొక్కెం ఆయుధం ‘బిల్లు’ పుట్టింది కంచె కొమ్మలు నరికే రైతు కొడవలి నుంచే. దోటి పట్టినవాడు కాయను కొట్టడు, తొడిమ దగ్గర తగిలించి లాగుతాడు. ఇక్కడా అంతే. మెడ, చంక, మోకాలి వెనుక... తగిలించు, లాగు. కింద పడ్డాక బాకు చాలు.

నమ్మకం లేదా? 1513, ఇంగ్లండ్, స్కాట్లాండ్ తలపడ్డ ఫ్లాడెన్ యుద్ధం. స్కాట్లాండ్ వాళ్లకు నాలుగైదు బిల్లుల దెబ్బలు ఒకేసారి పడినా కూలలేదని రాసింది ఇంగ్లండ్ పక్షం వాడే, డర్హం బిషప్ రుథాల్! గెలిచినవాడికి ఆ మాట రాయవలసిన అవసరమేమిటి?

1477లో నాన్సీ యుద్ధంలో బర్గండీ పాలకుడు చార్ల్స్ ది బోల్డ్ తల హాల్బర్డ్‌తో చీలిందంటారు. చీలింది. అప్పుడు తల మీద శిరస్త్రాణం ఉందని ఎవరు చెప్పారు? అసలు అంచుతోనే ఉక్కు తెగితే, పోల్యాక్స్‌కు, అంటే అలాంటిదే ఇంకో కర్ర గొడ్డలికి, వెనుక సుత్తి ఎందుకు పెట్టారు, మేకులు కొట్టుకోవడానికా?

వచ్చే వీడియోలో దిష్టిబొమ్మకు ఇనుప శిరస్త్రాణం తొడుగుతాను. నా చేతిలో మా తాత తోటలోని దోటి ఉంటుంది. మీరు గొడ్డలి తెచ్చుకోండి.