కొండకు చారలు మిగిల్చిన సరస్సు

శ్రోతలకు నమస్కారం.

ఎండాకాలం ఊరి చెరువు తగ్గుతుంటే కట్ట రాళ్ల మీద నీటి చారలు బయటపడతాయి, చూసే ఉంటారు. అమెరికాలోని మొంటానా రాష్ట్రంలో మిసూలా అనే ఊరుంది. దాన్ని ఆనుకున్న కొండల మీద కూడా అలాంటి చారలే, మెట్లమెట్లుగా ఊరికి దాదాపు 290 మీటర్ల ఎత్తు వరకు ఉన్నాయి. పల్చగా మంచు కురిసిన రోజు, ఏటవాలు ఎండలో మరీ స్పష్టంగా కనిపిస్తాయి. నీటి అలలు తాకి తాకి ఒడ్డును కోసిన గుర్తులవి. సరస్సు మాత్రం లేదు.

అది సుమారు 15 వేల ఏళ్ల నాటి మాట. కెనడా వైపు నుంచి దిగిన హిమానీనదం, ఇప్పటి ఐడహో రాష్ట్రంలో క్లార్క్ ఫోర్క్ నదికి అడ్డంగా, 600 మీటర్ల ఎత్తున మంచుకట్టలా నిలబడింది. వెనక మిసూలా దాకా చేరిన నీరే మిసూలా సరస్సు, 2 వేల ఘన కిలోమీటర్లకు పైమాటే. మన నాగార్జునసాగర్లు 170 నింపినా ఇంకా మిగులుతుంది!

కానీ మంచు నీటికన్నా తేలిక. కట్ట ఎత్తులో పదింట తొమ్మిది వంతుల దాకా నీరు చేరేసరికి మంచు అడుగు తేలడం మొదలైంది. కింద నీరు దారి చేసుకుంది, గండి పడింది. అంత సరస్సూ కొద్ది రోజుల్లోనే ఖాళీ. ఆ వరద వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు భాగం మీద పడి, మట్టినంతా ఊడ్చేసి నల్లరాయిని బయటపెట్టింది. అక్కడి డ్రై ఫాల్స్ అనే ఎండిన జలపాతం 120 మీటర్ల ఎత్తు, 5 కిలోమీటర్లకు పైగా వెడల్పు. ఈనాడు అక్కడ దూకే నీరే లేదు.

అక్కడి నేల తీరంతా మహావరద పనేనని 1923లో భూగర్భశాస్త్రవేత్త జె హార్లెన్ బ్రెట్జ్ రాస్తే తోటి శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. 1927లో వాషింగ్టన్ నగరంలో జరిగిన సభలో నిలదీశారు కూడా. అన్ని నీళ్లు ఎక్కడివన్నది వాళ్ల ప్రశ్న. 1940లో జోసెఫ్ పార్డీ అనే మరో భూగర్భశాస్త్రవేత్త జవాబు చూపించాడు. ఏటి ఇసుకలో వేలెడు ఎత్తున అలల అచ్చులుంటాయి కదా, మిసూలా సరస్సు అడుగున అవే 10 మీటర్ల ఎత్తున ఉన్నాయి! అంటే ఆ సరస్సు నీరంతా ఒక్కసారిగా ఉరికిందన్నమాట. బ్రెట్జ్‌కు భూగర్భశాస్త్రంలో పెద్ద గౌరవమైన పెన్‌రోజ్ పతకం 1979లో వచ్చింది. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్లు దాటాయి. అంత కాలం తన మాట మీద నిలబడ్డ ఆయనంటే నాకు ఎంతో గౌరవం.

నన్ను ఇంకా కట్టిపడేసేది మిసూలా దగ్గర రోడ్డు కోసం కోసిన ఒక గట్టు. అందులో వేసవి ఒండ్రు లేతరంగు పొర, చలికాలపు బంకమట్టి ముదురురంగు పొర. జత పొరలు ఒక ఏడాది లెక్క. కొన్ని జతల తర్వాత, సరస్సు ఖాళీ అయినప్పుడు పేరుకున్న మట్టి. మళ్లీ పొరలు. అంటే మంచు మళ్లీ అడ్డుపడింది, సరస్సు మళ్లీ నిండింది, మళ్లీ తెగింది. ఇలా పదుల సార్లు. గట్టు పైకి పోయేకొద్దీ ఒక్కో విడతలో ఏళ్లు తగ్గుతూ వస్తాయి. మంచు పలచబడి, కట్ట త్వరత్వరగా తెగిందన్నమాట. చివరిసారి తెగాక మంచు తిరిగి రాలేదు. క్లార్క్ ఫోర్క్ ఇవాళ మిసూలా ఊరి మధ్య నుంచే పారుతోంది.