ప్రతులకు: రచయిత

శ్రోతలందరికీ నమస్కారం.

తెలుగు పుస్తకం ఏదైనా తీసుకుని అట్ట తిప్పి చూస్తే ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల, ముఖచిత్రం గీసినవారి పేరు, డీటీపీ చేసినవారి పేరు వరుసగా కనిపిస్తాయి. వాటి కింద ‘ప్రతులకు’ అనే మాట ఒకటి ఉంటుంది. ఆ మాట కింద పేరున్న పుస్తక కేంద్రాలు నాలుగైదు ఉన్నాయంటే ఆ రచయిత అదృష్టవంతుడు. చాలా పుస్తకాలలో అక్కడ ఒకే ఒక్క చిరునామా ఉంటుంది, అది రచయిత ఇంటి చిరునామా. రాసినవారే అచ్చు వేయించి, రాసినవారే ఇంట్లో దాచి, రాసినవారే అమ్ముకోవలసిన పుస్తకం అది అని ఆ ఒక్క పంక్తి చెబుతుంది. నాకిచ్చిన ఈ కొద్ది నిమిషాలలో నేను మాట్లాడదలచుకున్నది ఆ పంక్తి గురించే.

నేను కథలు రాస్తాను. మా ఊరి కాలువలు, పడవలను ఒక నీటిమట్టం నుంచి మరొక మట్టానికి దాటించడానికి ఆ కాలువల మీద తలుపులతో కట్టిన లాకులు, లాకుల దగ్గర ఆగే పడవలు, ఆ పడవల మీద బతికిన మనుషులు నా మొదటి సంపుటికి వస్తువు. 500 ప్రతులు వేయించుకున్నాను. ఆవిష్కరణ సభలో ఒక శాలువా, రెండు జ్ఞాపికలు, ముగ్గురు వక్తల ప్రశంసలు అందుకుని, వెల అడగడానికి నోరు రాక, వచ్చినవారందరికీ తలా ఒక ప్రతి చేతిలో పెట్టి పంపించాను. మిగిలిన కట్టలు మంచం కిందికి చేరాయి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా మా ఇంట్లోవాళ్లు వాటిని ఇటు నుంచి అటు జరిపేవారు. రెండేళ్ల తరువాత, ఆ సభలో నా చేతి మీదుగా ప్రతి తీసుకున్న మిత్రుడే, “మీ పుస్తకం ఎక్కడ దొరుకుతుందండీ?” అని నన్ను అడిగాడు. తప్పు ఆయనది కాదు, అడగకుండా ఇచ్చిన నాది. కొందరు వెల దగ్గర ‘అమూల్యం’ అని వేయిస్తారు. ఆ మాటకు వెల కట్టలేనిదనే అర్థమూ ఉంది, వెల లేనిదనే అర్థమూ ఉంది. పుచ్చుకునేవారు రెండో అర్థాన్నే తీసుకుంటారని నా అనుమానం.

నోరు ఎందుకు రాదు? ఆత్మస్తుతి, పరనింద అని రెండింటినీ జంటగా చెప్పి, రెండూ కూడవని మనకు చిన్ననాటి నుంచి నేర్పారు. ఆ నేర్పులో తప్పు లేదు. అయితే తన పుస్తకం ఫలానా అని చెప్పుకోవడం వేరు, తనను తాను పొగడుకోవడం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆలోచించిన ప్రతిసారీ నాకు ఒక అమెరికా కవి కథ గుర్తుకు వస్తుంది. ఒకే మనిషి, ఒకే ఏడాదిలో, ఆ గీతకు ఇవతలా నిలబడ్డాడు, అవతలా నిలబడ్డాడు. అందుకే నాకు ఆ కథ ఇష్టం.

అది 1855వ సంవత్సరం. న్యూయార్కు పక్కనున్న బ్రూక్లిన్‌లో వాల్ట్ విట్మన్ అనే 36 ఏళ్ల మనిషి తన కవితలను సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నాడు. పసితనం దాటీ దాటకుండానే అచ్చు పని నేర్చినవాడు, పత్రికలలో పనిచేసినవాడు, కొంతకాలం ఇళ్లు కట్టే వడ్రంగం చేసినవాడు. పరిచయస్థులైన రోమ్ సోదరుల ముద్రణాలయంలో, కొన్ని పేజీలకు తానే అక్షరాలు కూర్చుకుని, 12 కవితలతో, 95 పేజీలతో, 795 ప్రతులు తీయించాడు. దాని పేరు ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’. ఆకుపచ్చ గుడ్డ అట్ట మీద బంగారు అక్షరాలు, ఆ అక్షరాలకు వేళ్లూ ఆకులూ మొలిచినట్లు అలంకారం. విచిత్రమేమిటంటే లోపలి పేరు పుటలో కవి పేరు లేదు. దానికి ఎదురుగా ఒక బొమ్మ మాత్రం ఉంది: తల మీద టోపీ, మెడ దగ్గర విప్పి ఉన్న చొక్కా, ఒక చేయి నడుము మీద, మరొక చేయి జేబులో. కవి అంటే కోటు వేసుకుని గంభీరంగా కూర్చునే పెద్దమనిషి అనుకునే కాలంలో, వీధిలో నిలబడిన కూలివాడిలా కనిపించే ఆ బొమ్మే మొదటి ప్రకటన.

పుస్తకం అమ్ముడుపోలేదు. 2 డాలర్ల వెలను తగ్గించినా పోలేదు. అప్పటికే విట్మన్ ఒక పని చేసి ఉన్నాడు: ఒక ప్రతిని, తనను ఎన్నడూ చూడని ఒక పాఠకుడికి పంపాడు. ఆ పాఠకుడు కాంకర్డ్ అనే ఊళ్లో ఉండే రాల్ఫ్ వాల్డో ఎమర్సన్. అమెరికాకు తనదైన కవి రావాలని పదేళ్లకు పైగా రాస్తూ, ఉపన్యసిస్తూ వచ్చినవాడు. అంటే ఆ దేశం మొత్తం మీద ఈ పుస్తకం కోసం ఎదురుచూస్తున్న మనిషి ఎవరైనా ఉంటే ఆయనే. జులై 21న ఎమర్సన్ జవాబు రాశాడు. “ఒక మహత్తర ప్రస్థానం తొలి అడుగులో మీకు స్వాగతం పలుకుతున్నాను” అని ఆ ఉత్తరంలో అన్నాడు. పేరు కూడా సరిగా తెలియని మనిషికి, అంతటి పెద్ద రచయిత, తనంత తానుగా రాసిన మాట అది.

ఇంతవరకూ కథ ఎంత అందంగా ఉందో చూడండి. ఒక పుస్తకం, ఒక ప్రతి, ఒక సరైన పాఠకుడు, ఒక ఉత్తరం. ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథను ఇంత ఇష్టపడేవాణ్ణి కానేమో కూడా.

ఆ శరదృతువులో మూడు పత్రికలలో ఆ పుస్తకం మీద మూడు సమీక్షలు వచ్చాయి. మూడింటిలోనూ సమీక్షకుడి పేరు లేదు. మూడూ రాసినవాడు విట్మనే. ఒకదానిలో, ఇన్నాళ్లకు అమెరికాకు కవి దొరికాడని తనను తాను ఎలుగెత్తి చాటుకున్నాడు. మరొకదానిలో ఇంగ్లండు ఆస్థానకవి టెనిసన్ సరసన తనను నిలబెట్టుకుని, ఇద్దరిలో భవిష్యత్తు ఎవరిదో సూచించుకున్నాడు. ఆ రెండోది వచ్చిన పత్రిక ఫౌలర్ అండ్ వెల్స్ వారిది. తల మీది ఎత్తుపల్లాలు తడిమి మనిషి స్వభావం చెప్పే విద్యకు వారు ప్రచారకులు, ఆ పుస్తకాన్ని తమ దుకాణంలో అమ్ముతున్నదీ వారే. తన పుస్తకం, తన సమీక్ష, తన పుస్తకం అమ్మేవారి పత్రిక. ఈ రోజుల్లో మేనల్లుడి చేత ఆన్‌లైన్ దుకాణంలో ఐదు నక్షత్రాలు పెట్టించుకునేవారికి విట్మన్ మూలపురుషుడు.

అక్టోబరులో ఎమర్సన్ ఉత్తరం న్యూయార్కు ట్రిబ్యూన్ పత్రికలో అచ్చయింది. అచ్చుకు అనుమతి ఇచ్చినది విట్మన్, రాసిన ఎమర్సన్ కాదు. మరుసటి ఏడాది, 32 కవితలతో రెండో కూర్పు వచ్చింది. పుస్తకాన్ని అలమరలో నిలబెట్టినప్పుడు మనకు కనిపించే ఆ సన్నని వెన్ను మీద, బంగారు అక్షరాలతో, ఎమర్సన్ స్వాగతవాక్యమూ ఆయన పేరూ మెరుస్తున్నాయి. లోపల ఆ ఉత్తరం పూర్తిగా ఉంది, దానికి విట్మన్ రాసిన పొడవాటి జవాబు ఉంది, ఆ జవాబులో మొదటి కూర్పు వెయ్యి ప్రతులు వేశాననీ, అవి ఇట్టే అమ్ముడుపోయాయనీ ఉంది. వేసినవి 795 అని ఇందాక చెప్పాను, అమ్ముడుపోలేదనీ చెప్పాను. ఎమర్సన్ నొచ్చుకున్నాడని ఆయన మిత్రులు చెప్పుకున్నారు. అయినా స్నేహం తెంచుకోలేదు. 1860లో బోస్టన్ నగరంలో ఇద్దరూ చాలాసేపు కలిసి నడిచారనీ, కొన్ని కవితలు తీసివేయమని పెద్దాయన ఎంతో నచ్చజెప్పినా చిన్నాయన వినలేదనీ విట్మనే తరువాత రాసుకున్నాడు.

ఇంతకీ బంగారు అక్షరాలు ఏం చేశాయి? ఏమీ చేయలేదు. రెండో కూర్పు కూడా అమ్ముడుపోలేదు.

నేను విట్మన్‌ను తూలనాడడం లేదు. ఆ 12 కవితలకు జీవితాంతం చేరుస్తూ, మారుస్తూ పోయిన మనిషి ఆయన, 1892లో కన్నుమూసేనాటికి అవి నాలుగు వందలకు దగ్గరగా పెరిగాయి. అటువంటి మనిషికి తన పుస్తకం మీద ఉన్న నమ్మకం అబద్ధం కాదు. అబద్ధమల్లా ఆ నమ్మకానికి వేసిన మారువేషం. కాంకర్డుకు ప్రతి పంపినప్పుడు ఆయన పుస్తకాన్ని చదివేవారి ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సమీక్షలు రాసినప్పుడు చదివేవారిలా గడ్డం పెట్టుకుని గుంపులో నిలబడి, తనకు తానే చప్పట్లు కొట్టుకున్నాడు. పక్షవాతం వచ్చి కామ్డెన్ పట్టణంలో ఉన్న రోజులలో, 1876లో, మళ్లీ ఆయనే తన పుస్తకాలను ఇంటి నుంచి టపాలో అమ్మాడు. ఇంగ్లండులోని అభిమానులు చందాలు కట్టి తెప్పించుకుని ఆదుకున్నారు. ‘ప్రతులకు: రచయిత’ అన్నమాట. ఈసారి ముసుగు లేదు.

మన దగ్గర ముసుగు లేని అమ్మకానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ వట్టికోట ఆళ్వారుస్వామి. హోటల్లో సర్వరుగా పనిచేసి, పట్టుదలతో చదువుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి 30కి పైగా పుస్తకాలు వెలువరించిన మనిషి. నిజాం పాలనలో తెలుగు పుస్తకానికి దుకాణాలే అరుదైన చోట, ఆ పుస్తకాలను తానే మోసుకుని ఊరూరా తిరిగి, సభ జరిగిన చోటల్లా అమ్మాడు. ‘ప్రజల మనిషి’ వంటి నవల రాసిన చేయి పుస్తకాల మూట పట్టుకోవడానికి సిగ్గుపడలేదు. తన పేరుతో, తన నోటితో అడిగాడు.

తన పేరుతో, తన నోటితో. ఈ మాటను నేను కావాలనే రెండోసారి అంటున్నాను.

ఇప్పుడు మార్గాలకు కొదవ లేదు. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉన్నాయి, ఆన్‌లైన్ దుకాణాలు ఉన్నాయి, ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్య మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. వాటన్నింటి గురించి చెప్పగలిగినవారు వేరే ఉన్నారు. నేను ఒక్క చిన్న పని గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే మంచం కింది కట్టలు నా ఇంట్లో కరిగింది ఆ పనితోనే. ఆ పని ప్రతితో పాటు పెట్టే ఉత్తరం.

మనం మామూలుగా పెట్టే ఉత్తరం అందరికీ తెలిసినదే: “నా పుస్తకం చదివి మీ అమూల్యమైన అభిప్రాయం తెలియజేయగలరు.” ఇక్కడా ఆ ‘అమూల్యం’ వచ్చిందని గమనించండి. ఇది ఎవరికైనా పంపగలిగిన ఉత్తరం కనుక ఎవరికీ పంపనట్లే. నేను ఇప్పుడు రాసే ఉత్తరంలో మూడు వాక్యాలుంటాయి. నేనెవరో మొదటి వాక్యం. వేరొకరికి కాక వారికే ఎందుకు పంపుతున్నానో రెండో వాక్యం. ఇది రాయలేకపోతే ఆ ప్రతి పంపను. ఏ పేజీ నుంచి మొదలుపెడితే బాగుంటుందో మూడో వాక్యం, ఎందుకంటే 160 పేజీల పుస్తకాన్ని చూసి వెనక్కి తగ్గేవారు ఆరు పేజీల కథకు తగ్గరు. అభిప్రాయం అడగను, “చదివారా?” అని ఫోను చేయను. ఇంకా కావలసినవారికి వెల ఎంతో, డబ్బు ఎలా పంపాలో అట్టలోపల చిన్న చీటీ ఉంటుంది. టపా ఖర్చు కూడా భయపెట్టేంత కాదు. 2025 మే నెలలో తపాలాశాఖ పుస్తకాల కోసం ప్రవేశపెట్టిన జ్ఞాన్ పోస్ట్ సేవలో 300 గ్రాముల దాకా అప్పటి ధర 20 రూపాయలు, పన్ను అదనం.

ఇక ఆ సరైన పాఠకుడు ఎవరు అన్నది అసలు ప్రశ్న. మనం వెంటనే పేరున్న విమర్శకుల జాబితా తీస్తాం. వారి ఇంట్లో ఇప్పటికే మన మంచం కింద ఉన్నన్ని పుస్తకాలుంటాయి. నేను చాలా ఆలోచించి, కాలువల మీద రాసిన పుస్తకం కనుక, నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయనకు ఒక ప్రతి పంపాను. ఆయన ఒక లాకు దగ్గర ఎన్నో ఏళ్లు పనిచేశారని విని, పడవ లాకు దాటే కథ ఉన్న పేజీ సంఖ్య రాశాను.

పది రోజులకు కార్డు వచ్చింది. కథలోని పడవవాడు తాను ఎరిగిన ఒక మనిషిలాగే ఉన్నాడనీ, చదువుతుంటే కాలువ నీటి వాసన వచ్చిందనీ రాశారు. తమతో పనిచేసినవారికి ఇవ్వడానికి 12 ప్రతులు కావాలన్నారు, డబ్బు కూడా పంపారు. చివర, ఇంకా చిన్న అక్షరాలతో, ఒక వాక్యం ఉంది: “మీ కథలో లాకు తలుపులు ఎగువవీ దిగువవీ ఒకేసారి తెరిచారు, అలా తెరిస్తే మీ పడవవాడు బతకడు బాబూ.”

రెండో ముద్రణ సమయంలో ఆ కార్డులోని మాటలను వెనుక అట్ట మీద వేయాలనిపించింది. బంగారు అక్షరాల కథ గుర్తుకు వచ్చి, ముందుగా ఆయనకు ఫోను చేసి, “మీ మాటలు మీ పేరుతో వేసుకోవచ్చాండీ?” అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ముందు ఆ తలుపులు సరిచేయండి, ఆ తరువాత వేసుకోండి” అన్నారు.

నమస్కారం.