బరువు తగ్గే ఆపరేషన్: కోత పడింది పొట్టకే, మారింది ఆకలి

[కెమెరా ముందు నేరుగా]

"ఎంత కొవ్వు తీశారు?"

ఆపరేషన్ అయ్యాక నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువమంది అడిగింది ఇదే. ఒక్క గ్రాము కూడా తీయలేదు. కొవ్వును గొట్టంతో లాగేసేది లైపోసక్షన్, అది ఒంటి ఆకారం కోసం చేసేది. నేను చేయించుకున్నది బేరియాట్రిక్ సర్జరీ. ఇందులో కోత పడేది జీర్ణాశయానికి. కొవ్వు జోలికే పోరు.

మరి జీర్ణాశయం కోస్తే బరువెందుకు తగ్గుతుంది? సంచి చిన్నదైతే తిండి తగ్గుతుంది కాబట్టి అంటారు. అది సగం సంగతే. మిగతా సగం ఆకలికి సంబంధించింది. నా అనుభవంలో అదే పెద్ద సగం.

[బొమ్మ: జీర్ణాశయం. ఎడమవైపు నిలువునా చుక్కల గీత]

నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి, ఒక గాటులోంచి కెమెరా, మిగతావాటిలోంచి పరికరాలు పంపుతారు. స్టేప్లర్ ఒకపక్క కోస్తూనే రెండు అంచులకూ పిన్నులు వేసుకుంటూ పోతుంది. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం బయటికొచ్చేస్తుంది. మిగిలేది అరటిపండులాంటి సన్నని గొట్టం.

బొమ్మలో పైన ఉబ్బెత్తుగా ఉన్న భాగం చూడండి. గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. "ఆకలేస్తోంది, ఏదైనా తిను" అని మెదడుకు కబురు పంపేది ఇదే. ఆ భాగం పోవడంతో గ్రెలిన్ బాగా పడిపోతుంది. మరోపక్క తిన్నది పేగుల్లోకి త్వరగా చేరడం వల్ల, కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు పెరుగుతాయి. ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న, బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ కూడా ఈ జీఎల్‌పీ-1 దారినే పట్టుకుని పనిచేస్తుంది.

డైటింగ్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. బరువు తగ్గేకొద్దీ గ్రెలిన్ పెరుగుతుంది, ఒళ్లు ఖర్చుపెట్టే కేలరీలు తగ్గుతాయి. అంటే ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ. ఏళ్ల తరబడి తగ్గడం, అంతకు అంత పెరగడం, "నోరు కట్టుకోలేవా?" అనిపించుకోవడం... నాకు అలాగే గడిచింది. నోరు కట్టుకుంటే ఒళ్లు ఎదురు తిరుగుతుందని ఆ మాట అన్నవాళ్లెవరికీ తెలియదు.

ఈ ఆపరేషన్లలో రెండో రకం, గ్యాస్ట్రిక్ బైపాస్. ఇందులో పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. 1960లలో అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ మేసన్, చికావో ఇటో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అల్సర్ కోసం జీర్ణాశయంలో కొంత తీసేసినవాళ్లు సన్నబడటం చూసి ఆ ఆలోచన పుట్టింది. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు బాగా ఉన్నవాళ్లకు సాధారణంగా బైపాస్ వైపే మొగ్గుతారు. ఎందుకంటే స్లీవ్ తర్వాత ఆ బాధ పెరగొచ్చు.

[స్క్రీన్ మీద అంకెలు]

ఎవరికి చేస్తారు? 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు చాలాకాలం నడిచింది: బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే అంకె) 40 దాటాలి, లేదా 35 దాటి షుగర్, బీపీ లాంటివి ఉండాలి. 2022లో సర్జన్ల సంఘాలు రెండు కలిసి దాన్ని మార్చాయి. 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా సిఫారసు చేయొచ్చు, షుగర్ లాంటి జబ్బులుంటే 30 నుంచే ఆలోచించొచ్చు అన్నాయి. ఆసియా వాళ్లకు తక్కువ బరువుకే షుగర్ వస్తుంది కాబట్టి వాళ్లలో 27.5 దాటినా చాలు, ఊబకాయం కింద లెక్కేసి ఆపరేషన్ గురించి మాట్లాడొచ్చని కూడా చెప్పాయి. నేను పాత లెక్కలోనూ అర్హత ఉన్న మనిషినే. బీపీ మాత్రలు, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, రాత్రంతా ముక్కుకు గాలి పంపే మాస్కు.

ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షలు, ఎండోస్కోపీ, నిద్ర పరీక్ష... అవన్నీ ఊహించినవే. సైకాలజిస్టు దగ్గరికి పంపినప్పుడే కాస్త చిరాకేసింది. ఆవిడ ఎక్కువ ప్రశ్నలేమీ వేయలేదు. "మనసు బాగోలేనప్పుడు ఏం చేస్తారు?" అన్నారు. జవాబు ఇద్దరికీ తెలుసు.

ఇక లివర్ డైట్. రెండు వారాల పాటు పిండిపదార్థాలు బాగా తగ్గించి, దాదాపు ప్రొటీన్ మీదే ఉంచుతారు. ఇది మన ఓపికకు పెట్టే పరీక్ష కాదు. కాలేయం ఎడమ భాగం జీర్ణాశయం మీదికి వాలి ఉంటుంది. దానికి కొవ్వు పట్టి ఉబ్బి ఉంటే సర్జన్‌కు దారి దొరకదు. ఈ తిండితో అది కుంచించుకుంటుంది.

[కెమెరా దగ్గరగా]

మెలకువ వచ్చాక పొట్ట కంటే భుజం ఎక్కువ నొప్పెట్టింది. ఇది ముందే తెలిస్తే కంగారు ఉండదు. లోపల మిగిలిన గ్యాస్ ఛాతీ కింద ఉండే డయాఫ్రమ్ పొరను రాపిడి పెడుతుంది. ఆ పొరకూ భుజానికీ నరాల మూలం ఒకటే కాబట్టి నొప్పి అక్కడ తెలుస్తుంది. మందు నడకే. అదే రోజు లేపి నడిపిస్తారు. అది గ్యాస్ కోసం మాత్రమే కాదు, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టకుండా కూడా.

తర్వాత నర్సు సిరప్ కొలిచే ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పోసి చేతికిచ్చారు. 30 మిల్లీలీటర్లు. ఒకేసారి వద్దు, పావుగంట తీసుకోండి అన్నారు. పావుగంటా పట్టింది. దిగే ప్రతి చుక్కా ఎక్కడిదాకా వెళ్లిందో తెలుస్తూనే ఉంది. కొన్ని వారాల పాటు రోజంతా చేసిన పని అదే, గుక్కలు గుక్కలుగా తాగడం. ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తించే ముఖ్య కారణాల్లో ఒంట్లో నీళ్లు తగ్గడం ఒకటి.

మొదట పలచటి ద్రవాలు, తర్వాత మెత్తగా చేసినవి, ఆ తర్వాత మామూలు తిండి. ఈ వరుస డైటీషియన్ రాసిస్తారు, అందులో చెప్పుకోవాల్సినంత లేదు. చెప్పాల్సింది కడుపు నిండడం గురించి. ఇదివరకు కడుపు నిండిందంటే నాకు బరువుగా, హాయిగా ఉండేది. ఇప్పుడు ముక్కు కారుతుంది! నిజంగానే. ఉడికించిన గుడ్డు సగం తినేసరికి ఒక ఎక్కిలి వస్తుంది, ముక్కు తడుస్తుంది. అక్కడ ఆగాలి. ఇంకొక్క ముక్క లోపలికి వెళ్లిందో, రొమ్ము ఎముక వెనక పట్టేసి, నోట్లో నురుగు ఊరి, అది పైకి వచ్చేదాకా ఊపిరాడనట్టు ఉంటుంది. ఇలాంటి గుర్తులు చాలామంది చెప్తారు, కొందరికి ముక్కు బదులు తుమ్ము. మనిషికో గంట మోగుతుందన్నమాట.

తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మిగతావన్నీ అలవాటయ్యాయి, ఇది మాత్రం ఇప్పటికీ కష్టమే.

అసలు సంగతి, ఆకలి పోయింది. తగ్గడం కాదు, పోయింది. భోజనానికి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ వెళ్లకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి, ఇష్టం లేకపోయినా తినాలి. విచిత్రం ఏమిటంటే, ఆకలి లేకపోయినా సాయంత్రం టెన్షన్‌గా ఉన్న రోజున చెయ్యి దానంతటదే చిరుతిళ్ల డబ్బా వైపు వెళ్లేది. సైకాలజిస్టు అడిగింది దీని గురించే. గ్రెలిన్ తగ్గించగలిగారు గానీ, బాధ కలిగితే ఏదో ఒకటి నమలాలనే అలవాటుకు పిన్నులు వేయలేరు కదా. దాని కోసం ఆవిడ దగ్గరికి ఇప్పటికీ వెళ్తున్నాను.

[కాటా బొమ్మ]

మూడో వారం అటూఇటూగా కాటా కదలడం మానేస్తుంది. భయపడకండి. మొదటి వారాల్లో తగ్గిన దాంట్లో నీరు ఎక్కువ. ఒంట్లో దాచుకున్న ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో (పిండిపదార్థాల నిల్వ) సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది, అది ముందు పోతుంది, తర్వాత కొంత తిరిగి చేరుతుంది. కొవ్వు కరుగుతూనే ఉంటుంది, అంకెలో కనపడదంతే.

బీపీ, షుగర్ మందుల మోతాదు డాక్టర్ త్వరత్వరగా తగ్గించాల్సి రావచ్చు. నాకు మంచం మీద నుంచి లేస్తే కళ్లు తిరిగాయి. చూస్తే పాత మోతాదు కొత్త ఒంటికి ఎక్కువైంది.

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలుతుంది. దువ్వెనలో, దిండు మీద, స్నానాలగదిలో నీళ్లు పోయే జాలీకి చుట్టుకుని, ఎక్కడ చూసినా అదే. పెద్ద ఆపరేషన్, వేగంగా బరువు తగ్గడం కలిసి వెంట్రుకలను ఒకేసారి విశ్రాంతి దశకు నెడతాయి. ఎక్కువమందికి మళ్లీ వస్తుంది. ఐరన్, ప్రొటీన్ తక్కువైతే ఆలస్యమవుతుంది.

విటమిన్లు మాత్రం జీవితాంతం. బీ12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం చేసే ఆమ్లం, ఒక ప్రొటీన్ కావాలి. ఆ రెండూ ఇప్పుడు తక్కువ. నిర్లక్ష్యం చేస్తే నరాలు దెబ్బతింటాయి. వాంతులు ఆగకుండా అవుతుంటే బీ1 పడిపోయి మెదడు మీద ప్రభావం పడుతుంది, దానికి ఇంటి చిట్కాలు పనికిరావు. నొప్పికి ఐబుప్రొఫెన్ లాంటివి మీ అంతట మీరు వేసుకోకండి. బైపాస్ వాళ్లకైతే అల్సర్ పడే ముప్పు మరీ ఎక్కువ. ఆడవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు.

ప్రాణభయం మాట. అనుభవమున్న చోట మరణం సుమారు వెయ్యిలో ఒకరికి, అంటే పిత్తాశయం తీసే ఆపరేషన్‌తో పోల్చదగిన ముప్పు. పిన్నులు వేసిన గీత దగ్గర లీక్ కావడం అరుదే, అయితే ప్రమాదం. గుండె దడ, జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు.

లాభం సంగతికొస్తే, స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ చేయించుకోనివాళ్లనూ ఏళ్ల తరబడి గమనించింది. చేయించుకున్నవాళ్లలో మరణాలు తక్కువని 2007లో తేల్చింది. అదే అధ్యయనంలో ఇంకోటి కూడా కనిపించింది: ఏడాది, రెండేళ్లకు బరువు అడుగంటి, ఆ తర్వాత కొంత తిరిగి పెరిగింది. నాకూ కొంత వచ్చింది. పొట్ట మీద వదులు చర్మం ఉంది, అది వ్యాయామంతో పోదు. మాస్కు మాత్రం అటక ఎక్కింది.

మీరు ఆలోచిస్తుంటే, సర్జన్‌ను ఎన్ని ఆపరేషన్లు చేశారని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు రెండో ఏట, ఐదో ఏట నన్ను ఎవరు చూస్తారు, రక్తపరీక్షలు ఎప్పుడెప్పుడు, బరువు తిరిగొస్తే ఏం చేస్తారు అని కూడా అడగండి. "అప్పుడు చూద్దాం లెండి" అన్నారంటే, ఇంకో డాక్టర్‌ను కలవండి.