కాలేజీ యాక్టివిటీ పాయింట్ల వెబ్‌సైట్: కోడ్ కంటే ముందు తేల్చుకోవాల్సిన లెక్క

నమస్తే అండి. ఎన్‌ఎస్‌ఎస్, కోడింగ్ క్లబ్, క్విజ్, రక్తదాన శిబిరం, ఇలా క్లాసు బయట పిల్లలు చేసే పనులకి పాయింట్లు, బ్యాడ్జీలు, లీడర్‌బోర్డు ఇచ్చే వెబ్‌సైట్ ఈరోజు మొదలుపెడదాం. వెబ్‌సైట్ కట్టడానికి పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్ వాడుతున్నాను. ఇన్‌స్టలేషన్ జోలికి పోను, దానికి వీడియోలు బోలెడున్నాయి.

చాలామంది స్టూడెంట్ టేబుల్లో మొత్తం పాయింట్లకి ఒక కాలమ్ పెట్టేసి, ఈవెంట్ అయినప్పుడల్లా దానికి పది కలుపుతూ పోతారు. అలా వద్దండి. రేపు ఒకమ్మాయి వచ్చి "సార్, నాకు నలభై రావాలి, ముప్పయ్యే ఉన్నాయి" అంటే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. బ్యాంకు పాస్‌బుక్‌లా రాయండి: ఎవరికి, దేనికి, ఎన్ని, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు. తప్పు పడిందా, పాత వరుస చెరపకుండా మైనస్ పది అని కొత్త వరుస వేయండి. మొత్తం ఎంతో కావాలంటే కూడితే వచ్చేస్తుంది.

గంటలకి మాత్రం వేరే కాలమ్. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 చొప్పున రెండేళ్లలో 240 గంటలు చేయాలి, 7 రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. సర్టిఫికెట్‌కి చూసేది ఈ గంటలూ, శిబిరమూ, మన పాయింట్లు కాదు.

ఇప్పుడు హాజరు. హాలు గోడకి క్యూఆర్ కోడ్ అంటిస్తే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు, రూమ్‌లో పడుకున్నవాళ్లకి కూడా హాజరు పడిపోతుంది. అందుకే కోడ్ విద్యార్థి ఫోన్లో ఉండాలి, స్కాన్ చేసేది కోఆర్డినేటర్. స్కాన్ అవగానే స్క్రీన్ మీద ఆ విద్యార్థి ఫొటో పెద్దగా రావాలి, ఎదురుగా ఉన్న మనిషే అయితేనే ఓకే నొక్కాలి.

సిగ్నల్ సంగతి కూడా ముందే చూసుకోండి. పంటు మీద గోదావరి దాటి లంకలో క్యాంపు పెడితే ఒక్కోసారి నెట్ రాదు. 2027 పుష్కరాల్లో రాజమండ్రి ఘాట్ల దగ్గర మన పిల్లలు సేవకి వెళ్తే ఆ జనంలో నెట్‌వర్క్ మీద ఆశ పెట్టుకోలేం. స్కాన్లన్నీ కోఆర్డినేటర్ ఫోన్లోనే, బ్రౌజర్‌లో ఉండే ఇండెక్స్‌డ్‌డీబీలో దాచి, నెట్ రాగానే పైకి పంపండి. అదే హాజరు రెండుసార్లు వెళ్లినా ఇబ్బంది లేకుండా హాజరు టేబుల్లో విద్యార్థి, యాక్టివిటీ ఈ రెండింటి మీద కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్, అంటే అదే జత రెండోసారి పడనివ్వని నియమం, పెట్టండి.

ఇక లీడర్‌బోర్డు. నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది ఇక్కడే. ఈవెంట్లన్నీ సాయంత్రాలే పెడితే రాజోలు, ముమ్మిడివరం వైపు నుంచి కాలేజీ బస్సులో వచ్చే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎంత చురుకైనవాళ్లైనా బస్సు టైముకి వెళ్లిపోవాల్సిందే, పైన పేర్లన్నీ హాస్టల్ వాళ్లవే ఉంటాయి. అది ప్రతిభలో తేడా కాదు కదండీ! అందుకని సొంత ఊళ్లో చేసిన పనికి కూడా పాయింట్లు ఇవ్వండి. ఊరి బడిలో పిల్లలకి లెక్కలు చెప్తే, ఆ బడి హెడ్‌మాస్టర్ ఫోన్‌కి ఒక లింకు వెళ్తుంది, ఆయన అవునంటేనే పాయింట్లు పడతాయి. ఒక్కో విభాగానికి నెలకి ఇన్ని పాయింట్లే అని పరిమితి పెట్టండి, బోర్డు నెలనెలా సున్నా నుంచి మొదలవ్వాలి. అందరికీ కనిపించేది మొదటి పదిమందే, మిగతావాళ్లకి ఎవరి స్థానం వాళ్లకే కనిపించాలి.

సరే, జాంగోలో టేబుళ్లు రాసే మోడల్స్ ఫైల్ తెరవండి. మొదట హాజరు టేబుల్ రాద్దాం.