కాజాల డబ్బా: రోబో విడిభాగాలు ఆన్‌లైన్‌లో కొనడం గురించి

(విజయవాడలో ఇంజనీరింగ్ విద్యార్థుల రోబోటిక్స్ క్లబ్‌లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద ఉన్నది తాపేశ్వరం కాజాల డబ్బా. ఆశ పడకండి, కాజాలు అయిపోయి ఏడెనిమిదేళ్లయింది. ఇప్పుడు ఇందులో ఉన్నవన్నీ నేను ఆన్‌లైన్‌లో కొని ఒక్కసారి కూడా వాడలేకపోయిన వస్తువులు. ఆరేడు వేల రూపాయల సరుకు ఉంటుంది. మా ఆవిడ దీన్ని మ్యూజియం అంటుంది.

విచిత్రం ఏమిటంటే, ఇందులో పాడైనది ఒక్కటి కూడా లేదు. బేరింగులు తిరుగుతాయి, పుల్లీల పళ్లు ఇప్పటికీ మెరుస్తున్నాయి. కాకపోతే దేనికీ ఏదీ పట్టదు.

మీలో చాలామంది సెన్సర్లు, ఆర్డుయినో బోర్డులు కొని ఉంటారు. అక్కడ పొరపాటు జరిగినా ఒక వైరు మార్చో, నాలుగు లైన్ల కోడ్ తిరగరాసో బయటపడొచ్చు, అదీ రాత్రి పన్నెండింటికి హాస్టల్ గదిలో కూర్చుని. 6 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి, అంటే మోటారు నుంచి బయటికొచ్చే ఇరుసుకి, 5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న చక్రం వచ్చిందనుకోండి, ఆ ఒక్క మిల్లీమీటరు కోసం లేత్, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం, ఉన్నాయన నిద్ర లేచేదాకా ఆగాలి.

ముందు చక్రం సంగతి చెబుతాను. నా మొదటి రోబో అందరిలాగే పసుపు రంగు బీఓ మోటార్లతో, అంటే బ్యాటరీతో నడిచే చిన్న ప్లాస్టిక్ గేర్ మోటార్లతో చేశాను. ఆ మోటారు షాఫ్ట్ గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా చెక్కేసినట్టు ఉంటుంది. దాని చక్రానికీ అదే ఆకారంలో గాడి ఉంటుంది. అది బాగానే నడిచింది. తర్వాత కాస్త బరువు మోసేది చేద్దామని 12 వోల్టుల గేర్ మోటార్లు తెప్పించాను. వాటి షాఫ్ట్ 6 మిల్లీమీటర్లు, ఒక పక్క మాత్రమే చదును. చక్రాలు విడిగా ఆర్డర్ పెట్టాను. ఫొటోలో నల్ల రబ్బరు, దాని మీద మంచి గాట్లు, చూడముచ్చటగా ఉన్నాయి. వచ్చాక చూస్తే బీఓ మోటారు గాడి. పోటీకి ఇంకా మూడు రోజులే ఉంది. టెన్షన్‌లో బుర్ర పనిచేయక గాడిలో ఎం-సీల్ కూరి షాఫ్ట్ గుచ్చాను. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపులో రోబో ఒకవైపు, చక్రం ఒకవైపు. నవ్వండి, ఆ రోజు కూడా అందరూ నవ్వారు.

ఎడ్లబండి ఇరుసు చివర ఒక సీల ఉంటుంది, చూశారా? ఎడ్లు ఒంగోలు జాతివైనా సరే, ఆ సీల ఊడితే చక్రం కాలవలో ఉంటుంది. రోబోలో ఆ సీల పని చేసేవి కప్లింగ్, అంటే రెండు ఇరుసుల్ని కలిపే ముక్క; హబ్, అంటే చక్రాన్ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే ముక్క; గ్రబ్ స్క్రూ, అంటే వాటిని షాఫ్ట్ మీద బిగించే తల లేని చిన్న స్క్రూ. మనం మోటారు మీద రెండు గంటలు వెతుకుతాం, చక్రం మీద ఒక గంట పెడతాం, ఈ రెండింటినీ కలిపేదాన్ని మాత్రం చివర్లో గుర్తు తెచ్చుకుంటాం. నేనిప్పుడు హబ్‌తో మొదలుపెడతాను. షాఫ్ట్ ఎంత లావు, గుండ్రమా, డి ఆకారమా, ఎంత పొడవు బయటికి ఉంది? దానికి పట్టే హబ్ దొరుకుతుందా? దొరికాకే మోటారు కార్టులోకి వెళ్తుంది.

గ్రబ్ స్క్రూ గురించి ఇంకొక్క మాట. ఎం3, అంటే 3 మిల్లీమీటర్ల లావున్న, గ్రబ్ స్క్రూకి 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ (ఆరు పలకల తాళంచెవి) కావాలి, ఎం4కి 2 మిల్లీమీటర్లది. పార్సిల్‌లో ఆ కీ ఉంటుందని నమ్ముకోవద్దు, ఒక సెట్ కొనిపెట్టుకోండి. స్క్రూ కొన షాఫ్ట్ చదును భాగం మీదే కూర్చోవాలి. గుండ్రని భాగం మీద బిగిస్తే కాసేపటికి జారుతుంది. అదురుకి వదులైపోతుంటే మరని పట్టి ఉంచే జిగురు లాక్‌టైట్ 243, అంటే నీలం రంగుది, ఒక చుక్క చాలు. ఎరుపు రంగుది వేస్తే తర్వాత విప్పాలంటే వేడి చేయాలి. అక్రిలిక్ లాంటి ప్లాస్టిక్ దగ్గర ఏ రంగుదీ వేయకండి, పగుళ్లు వస్తాయి.

ఇక మోటార్లు. ఆన్‌లైన్‌లో జేజీఏ25-370, జేజీబీ37-520 అని పేర్లు కనిపిస్తాయి. ఏదో మంత్రంలా ఉంటాయి గానీ విప్పితే సులువే. 25, 37 అన్నవి గేర్‌బాక్స్ వ్యాసం, మిల్లీమీటర్లలో. చివరి సంఖ్య లోపలి మోటారు సైజుకి గుర్తు. 25 దానికి సాధారణంగా 4 మిల్లీమీటర్ల షాఫ్ట్, 37 దానికి 6. ఈ 37 దాంట్లో ఒక తిరకాసు ఉంది. షాఫ్ట్ సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. నేను మధ్యలో ఉంటుందనుకుని అల్యూమినియం ప్లేటుకి కన్నాలు వేశాను. అదిగో, ఆ ప్లేటు కూడా డబ్బాలోనే ఉంది.

టార్క్, అంటే తిప్పే బలం, దగ్గర మాత్రం కాస్త ఆగుదాం, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే. పేజీలో పెద్ద అక్షరాలతో రాసేది చాలాసార్లు స్టాల్ టార్క్. అంటే మోటారు తిరగలేక ఆగిపోయిన క్షణంలో ఇచ్చే బలం. ఆ స్థితిలో కరెంటంతా వేడిగా మారుతుంది, కాసేపు అలాగే ఉంచితే వైండింగ్, అంటే లోపలి తీగచుట్ట, మాడుతుంది. మనకి కావలసింది తిరుగుతూ ఇచ్చే బలం. ఒక లెక్క వేద్దాం. రోబో బరువు 3 కిలోలు, చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు, ఎక్కాల్సిన వాలు 20 డిగ్రీలు. వాలు వెంట కిందికి లాగే బలం 3 ఇంటూ సైన్ 20, సుమారు 1.03 కిలోలు. దాన్ని చక్రం వ్యాసార్ధం 3.25 సెంటీమీటర్లతో గుణిస్తే దాదాపు 3.3 కేజీ-సెంటీమీటర్లు. మోటార్లు రెండు కాబట్టి ఒక్కోదానికి 1.7 కంటే కాస్త తక్కువ. ఇక్కడే అందరూ 2 కేజీ-సెంటీమీటర్ల స్టాల్ టార్క్ ఉన్న మోటారు చూసి, చాలులే అని కొనేస్తారు. నా అలవాటు లెక్కలో వచ్చినదానికి నాలుగింతలు చూసుకోవడం, అంటే ఇక్కడ 7 దగ్గర. రాపిడి ఉంది, స్టార్ట్ అయ్యేటప్పుడు కావలసిన తోపు ఉంది, దిగిపోయే బ్యాటరీ ఉంది.

వేగం కూడా చూసుకోవాలి. 65 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే 20 సెంటీమీటర్ల చిల్లర వెళ్తుంది. 100 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి వంద చుట్లు, అయితే సెకనుకి 34 సెంటీమీటర్లు. ఆ 100 అనేది 12 వోల్టుల దగ్గర, బరువేమీ లేనప్పుడు చెప్పిన మాట. మీరు 7.4 వోల్టుల బ్యాటరీ పెడితే 60కి అటూ ఇటూగా పడిపోతుంది. అప్పుడు మోటారు నకిలీదని తిడతారు. పాపం, దాని తప్పేమీ లేదు.

సర్వోల దగ్గరా, అంటే సాధారణంగా చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటార్ల దగ్గరా, ఇదే గొడవ. 10 కేజీ సర్వో అని రాస్తారు. అది 10 కేజీ-సెంటీమీటర్లు. ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 10 కిలోలు. పది సెంటీమీటర్ల చెయ్యి పెడితే ఒక్క కిలో, అదీ స్టాల్ అంచున, అందులో ఆ చెయ్యి బరువు కూడా కలిసే. ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చి, 20 సెంటీమీటర్ల చేత్తో లీటరు నీళ్ల సీసా ఎత్తించాలండీ, 10 కేజీ సర్వో కొన్నాను అన్నాడు. నీళ్ల బరువుకే 20 కావాలి బాబూ అంటే, ఆన్‌లైన్‌లో పది కిలోలని ఉంది కదా సార్ అన్నాడు. వాడికి కోపం వచ్చింది గానీ తప్పు వాడొక్కడిదే కాదు. సర్వో హార్న్‌లు, అంటే ఇరుసు మీద బిగించే చిన్న చేతులు, విడిగా కొనేవాళ్లు పళ్లు లెక్కపెట్టుకోవాలి. పెద్ద సర్వోల్లో 25 పళ్లవి ఎక్కువ, హైటెక్ కంపెనీవి చాలావరకు 24. ఒక్క పన్ను తేడా ఉన్నా కూర్చోదు, బలవంతంగా కొడితే హార్న్ పోతుంది. ఎంజీ995 లాంటి సర్వోలు 180 డిగ్రీలవీ ఉంటాయి, ఆగకుండా తిరిగేవీ ఉంటాయి. బయటి రూపం ఒకటే.

కొన్నేళ్లు డబ్బులు తగలేశాక నాకు ఒక సంగతి అర్థమైంది. విడిభాగాల్లో రెండు జాతులున్నాయి. కొన్నిటికి ప్రపంచమంతా ఒప్పుకున్న నంబరు ఉంటుంది. 608 బేరింగ్ ఎవరు చేసినా లోపలి వ్యాసం 8, బయటిది 22, మందం 7 మిల్లీమీటర్లు. మామూలు ఎం3 బోల్టు మర ఎక్కడైనా 0.5 మిల్లీమీటర్ల పిచ్, అంటే మర గాటుకీ గాటుకీ మధ్య దూరం. ఇలాంటివాటిలో నాణ్యత తేడా ఉండొచ్చు గానీ కొలత తేడా రాదు, కళ్లు మూసుకుని నంబరు చెప్పి కొనొచ్చు. రెండో జాతి చక్రాలు, బ్రాకెట్లు, హబ్‌లు, చాసిస్ ప్లేట్లు. వీటికి నంబరు లేదు, తయారుచేసినాయన ఇష్టం. కొలతల డ్రాయింగ్ లేకుండా వీటిని అమ్మే పేజీని నేను వెంటనే మూసేస్తాను, ధర సగం ఉన్నా సరే.

రెండు జాతులకీ మధ్యలో కొన్ని ఉన్నాయి, మోసపోయేది వీటితోనే. నెమా 17 స్టెప్పర్ మోటారు, అంటే అడుగు అడుగుగా తిరిగే మోటారు, అంటారు. ఆ 17 బలం అనుకునేవాళ్లు చాలామంది. అది 1.7 అంగుళాల ముఖం, అంతే. బోల్టు కన్నాల మధ్య 31 మిల్లీమీటర్లు, ఎం3 మర, ఇవి గ్యారంటీ. బలం మాత్రం వెనకాల పొడవుని బట్టి, కరెంటుని బట్టి మారుతుంది. 34 మిల్లీమీటర్ల పొట్టిదీ నెమా 17నే, 48 మిల్లీమీటర్లదీ నెమా 17నే. టీ8 లీడ్ స్క్రూ, అంటే తిరుగుతూ నట్టుని ముందుకి జరిపే మర కడ్డీ, కూడా అంతే. 8 అనేది లావు. ఒక చుట్టుకి నట్టు 8 మిల్లీమీటర్లు జరిగేవీ ఉన్నాయి, 2 మిల్లీమీటర్లే జరిగేవీ ఉన్నాయి. నేను ఒక రకం స్క్రూ, ఇంకో రకం నట్టు కొన్నాను. లావు ఒకటే, మర కలవదు. ఇదిగో, ఇత్తడి నట్టు, కాగితాల మీద బరువుకి పెట్టుకోవడానికి బాగుంటుంది.

మెకానమ్ చక్రాలు, అంటే అంచు చుట్టూ ఏటవాలు రోలర్లుండి రోబోని పక్కకీ నడిపే చక్రాలు, కొనేవాళ్లు రెండు ఎడమవి, రెండు కుడివి వచ్చాయో లేదో ముందు చూసుకోండి. నాలుగూ ఒకే చేతివైతే రోబో పక్కకి జరగదు.

ఎక్కడ కొనాలి అంటారా? మన దేశంలో పుణె నుంచి రోబు, బెంగళూరు నుంచి రోబోక్రేజ్ లాంటివి ఈ సరుకే ప్రత్యేకంగా అమ్ముతాయి. చైనా అమ్మకాల సైటు అలీఎక్స్‌ప్రెస్‌ని 2020 నవంబరులో మన దగ్గర ఆపేశారు. అమెరికా నుంచి నేరుగా తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపి వస్తువు ధరని దాటిపోవచ్చు. కానీ కొనకపోయినా లాస్ వేగస్‌లోని పొలోలు అనే రోబో సరుకు కంపెనీ పేజీలు ఒకసారి తెరిచి చూడండి. మోటారు పక్కన డ్రాయింగ్ ఉంటుంది, ఎంత లోడుకి ఎంత వేగమో గీసిన గ్రాఫ్ ఉంటుంది. 1901 నుంచి ఉన్న అమెరికా విడిభాగాల దుకాణం మెక్‌మాస్టర్-కార్ అయితే చాలా వస్తువులకి త్రీడీ మోడల్ కూడా పెడుతుంది. మంచి వివరం ఎలా ఉంటుందో అక్కడ చూస్తే, చెడ్డదాన్ని ఇక్కడ పట్టుకోవడం వస్తుంది.

నట్లు, బోల్టులు, వాషర్లు, అల్యూమినియం యాంగిల్ ఆన్‌లైన్‌లో కొనకండి. అరవై రూపాయల స్క్రూలకి ఎనభై రూపాయల షిప్పింగ్ ఎందుకు? మనకి ఆటోనగర్ ఉంది. హైదరాబాద్‌లో చదువుకునే మీ స్నేహితులకి సికింద్రాబాద్ రాణిగంజ్ ఉంది. బేరింగ్ చేత్తో తిప్పి చూసి కొనొచ్చు. ఆటోనగర్‌లో నాకు బుష్‌లు చేసిపెట్టే లేత్ ఆయన ఉన్నారు. మొదటిసారి వెళ్లి 6 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి అన్నాను. కొలత నాకు చెప్పకండి, షాఫ్ట్ ఇక్కడ పెట్టి వెళ్లండి అన్నారు. సాయంత్రానికి చేత్తో తోస్తే గట్టిగా దిగేలా చేసి ఇచ్చారు. మా షాఫ్ట్ కొలిస్తే 5.95 ఉందట.

అందుకే, మోటారు కంటే ముందు ఒక డిజిటల్ కాలిపర్, అంటే దవడల మధ్య పట్టి కొలిచే పరికరం, కొనండి. పార్సిల్ వచ్చిన రోజే, వీడియో తీస్తూ విప్పండి. ఆ వీడియో లేకపోతే చాలా దుకాణాలు మన ఫిర్యాదు వినవు. ఒకసారి 5 మిల్లీమీటర్ల షాఫ్ట్‌ని 8 మిల్లీమీటర్లదానికి కలిపే కప్లింగ్ అడిగితే ఒక దుకాణం 4 నుంచి 8ది పంపింది. మెయిల్‌లో ఎంత వాదించినా ఒప్పుకోలేదు. కాలిపర్ దవడ రంధ్రంలో పెట్టి, అంకె కనిపించేలా ఫొటో పంపాక రెండు రోజుల్లో మార్చి ఇచ్చారు. పార్సిల్‌ని నెల రోజులు బీరువాలో పెట్టి సెమిస్టర్ సెలవుల్లో విప్పేవాళ్లకి రిటర్న్ గడువు గుర్తుచేయక్కర్లేదనుకుంటా.

మోటార్లు రెండు కావాలంటే ఒకే ఆర్డర్‌లో మూడు తెప్పించండి. తర్వాత విడిగా కొన్నది వేరే బ్యాచ్‌లోది అయితే వేగం తేడా వస్తుంది, రోబో ఒక పక్కకి లాగుతుంది.

ఇక ఈ డబ్బా. దీన్ని తిరిగి ఇంటికి పట్టుకెళ్తే నాకు మాటలు తప్పవు, కాబట్టి ఇందులో ఉన్నవి మీరే తీసుకెళ్లండి. ఒక షరతు ఉంది. తీసుకునే ముందు దాని రంధ్రం ఎంతో, మర ఏదో, దేనికి పడుతుందో కొలిచి ఈ కాగితం మీద రాసి నాకివ్వాలి. కాలిపర్లు రెండే ఉన్నాయి. ముందు వరుస నుంచి రండి.