సామాన్లు ఎక్కడ దింపుతారు?

(విజయవాడలో రిటైర్డ్ రైల్వే ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బెజవాడలో నిలబడి రైళ్ళ గురించి మాట్లాడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అందుకని మీరు చూసి ఉండని స్టేషన్ ఒకటి చెప్తాను. రాజస్థాన్‌లో మునాబావ్. ఆ తర్వాత ముళ్ళకంచె, అవతల పాకిస్తాన్.

1965 యుద్ధంలో ఆగిపోయిన ఆ దారి 2006 ఫిబ్రవరిలో తెరుచుకుంది. మనలాంటివాడు ఉద్యోగంలో చేరి రిటైరయ్యేంత కాలం! వాళ్ళ వైపున్న మీటర్ గేజ్‌ని, అంటే ఇరుకు పట్టాల దారిని, పాకిస్తాన్ వెడల్పాటి బ్రాడ్ గేజ్ చేసుకుంది. గేజ్ కలవకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. నేను కొత్తగా చేరినప్పుడు గుంటూరులో హమాలీలు తుమ్ముకుంటూ మిర్చి టిక్కీలు ఈ వ్యాగన్‌లోంచి ఆ వ్యాగన్‌లోకి మోసేవాళ్ళు. మునాబావ్‌లో గేజ్ కలిసింది గానీ, మనుషులు మాత్రం సరిహద్దు దగ్గర దిగి ఇంకో దేశపు బండి ఎక్కాల్సిందే.

ఎవరా మనుషులు? సింధ్‌లోని ఉమర్‌కోట్ వైపు సోఢా రాజపుత్రులున్నారు. అందరిదీ ఒకే గోత్రం. ఇక సంబంధం కలుపుకోరని మనకు వేరే చెప్పాలా? పిల్లనివ్వాలన్నా, తెచ్చుకోవాలన్నా రాజస్థానే దిక్కు. 2019 ఆగస్టులో మునాబావ్ మీదుగా నడిచే ఈ థార్ ఎక్స్‌ప్రెస్ ఆగింది, పంజాబ్ వైపు నుంచి లాహోర్ వెళ్ళే సంఝౌతా ఎక్స్‌ప్రెస్ కూడా ఆగింది. పెళ్ళిళ్ళు ఆగలేదు, పంజాబ్‌లోని అటారీ సరిహద్దు గేటు మీదుగా చుట్టు తిరిగారు. 2025లో పహల్గాం దాడి తర్వాత ఆ గేటూ మూశారు. ఆపాలని సంతకం పెట్టేవాళ్ళకు అవతల వియ్యాలవారు ఉండరు కదా.

కొరియాది ఇంకో కథ. 2007 డిసెంబరులో రెండు కొరియాల మధ్య సరకు బండి మొదలైంది. చాలాసార్లు ఖాళీగానే తిరిగింది, ఏడాది తిరక్కుండానే నిలిచిపోయింది. 2018 డిసెంబరులో పట్టాలు కలపడానికి మళ్ళీ శంకుస్థాపన చేశారు. బండి మాత్రం రాలేదు.

నాకు నచ్చింది కోల్‌కతా - ఢాకా మైత్రీ ఎక్స్‌ప్రెస్. 2008 ఏప్రిల్ 14న, బెంగాలీల ఉగాదికి మొదలైంది. మొదట్లో సరిహద్దులో పెట్టెలు, సంచులు, పిల్లలతో సహా దిగి కస్టమ్స్ క్యూలో గంటలు గంటలు నిలబడాలి. 2017లో ఆ తనిఖీని బయల్దేరే చోటికి, దిగే చోటికి మార్చారు. ఎక్కినవాళ్ళు కూర్చున్న చోటే కూర్చుని వెళ్ళారు. నన్నడిగితే ఆ దారి నిజంగా తెరుచుకున్నది అప్పుడే. 2024 జులైలో అదీ ఆగిందనుకోండి.

రేపు ఏ బండి మళ్ళీ మొదలైనా జెండా ఎవరు ఊపారో పేపర్లవాళ్ళు రాస్తారు. ముసలావిడ ట్రంకుపెట్టె ఎన్నిసార్లు దింపించారో మనం అడుగుదాం. టీ వచ్చినట్టుంది, ఆపుతాను.