గయలో ఏం వదలాలి? – యాత్రల ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. పుణ్యక్షేత్రాలు, చారిత్రక ప్రదేశాల గురించి మీ సందేహాలు తీర్చడానికి రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ ఒకరు హనుమకొండ స్టూడియోకు వచ్చారు. చాలా ఏళ్లుగా జనాన్ని వెంటబెట్టుకుని యాత్రలకు వెళ్తున్నారు. మొదటి కాలర్, హలో?

కాలర్ (నిజామాబాద్): నమస్తే సార్. ఆదివారం పొద్దున కారులో బయలుదేరి వేయి స్తంభాల గుడి, కోట, రామప్ప, కాళేశ్వరం చూసుకుని రాత్రికి ఇల్లు చేరాలని ప్లాన్. నాన్నకు డెబ్బై రెండేళ్లు. అవుతుందా?

సార్: కాదు నాయనా. నాన్నగారిని రోజంతా కారులో కూర్చోబెడితే ఆయన చూసేదేముంది? రామప్పకే సగం రోజు ఇవ్వండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ముందర నిలబడి ఫొటో దిగి వచ్చేయకండి. చూరు కింద నల్లరాతి మదనికలు, అదే నాట్యకత్తెల శిల్పాలుంటాయి, తలెత్తి చూడండి. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కనిపిస్తాయి. కాళేశ్వరం ఇంకో వారం పెట్టుకోండి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, గోదావరి ప్రాణహిత కలిసేచోట స్నానం... ఆదరాబాదరాగా చేసేవి కావవి. ఎక్కడికెళ్లినా ఒక పూట ఖాళీగా ఉంచుకోండి.

కాలర్: మరి లక్నవరం కూడా దారిలోనే కదా సార్...

యాంకర్: థాంక్యూ అండీ. పరకాల నుంచి అమ్మ లైన్లో ఉన్నారు.

కాలర్ (పరకాల): సారూ, నమస్తే. కాశీ, గయ పోదామనుకుంటున్నాం. మా అత్తమ్మ సంవత్సరీకం మొన్ననే అయింది. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు. కొడుకేమో బెంగళూరులో ఉంటాడు, రాలేనన్నాడు. ఇద్దరమే. హిందీ రాదు. గయలో ఏదో వదలాలంటారు కదా, ఏం వదలాలి సార్?

సార్: చెప్తానమ్మా, ముందు దారి విను. ఖాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మారకుండా దీన్ దయాళ్ జంక్షన్‌లో దిగొచ్చు. పాత మొఘల్‌సరాయ్ అదే. అక్కణ్ణుంచి కాశీకి ఆటోలుంటాయి. కేదార్ ఘాట్, పాండే హవేలీ వైపు తెలుగువాళ్ల ఆశ్రమాలు, సత్రాలున్నాయి, గది ముందే రాయించుకోండి. భాష గురించి టెన్షన్ వద్దు. కానీ ఆ సందుల్లోకి ఆటో రాదు, నడవాలి. ఘాట్ మెట్లు ఎత్తుగా ఉంటాయి, తడిస్తే జారతాయి. ఆయన చేతికి కర్ర ఇవ్వు.

కాలర్: కర్ర పట్టుకోడు సార్, నామోషీ అంటాడు.

సార్: పట్టుకోమని నేను చెప్పానను. ఇంకోటి. పూజ ఎవరితో చేయించుకున్నా మొత్తం ఎంతో ముందే మాట్లాడుకోండి. సంకల్పం చెప్పేటప్పుడు మధ్యలో ఆపి గోదానం, అన్నదానం అని అడుగుతారు. చేతిలో నీళ్లు పట్టుకుని కాదనలేం. ముందే మాట్లాడుకోవాలి.

కాలర్: సరే సార్. మరి గయలో ఏం వదలాలి?

సార్: (నవ్వుతూ) వస్తున్నానమ్మా. గయలో విష్ణుపాదం గుడి ఉంది. రాతిలో దిగిన పాదం ముద్ర, చుట్టూ వెండి తొడుగు. పిండం ఆ పాదం మీదే పెడతారు. కాశీలో ఇప్పుడున్న విశ్వనాథుడి గుడిని 1780లో కట్టించిన అహల్యాబాయి హోల్కరే ఈ గుడినీ కట్టించింది. అక్షయవటం అనే మర్రిచెట్టు దగ్గర ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు వదులుతారు, అంటే ఇక జన్మలో తినరు. ఇష్టమైనవే వదలాలి.

కాలర్: మా ఆయన కాకరకాయ వదులుతానంటున్నాడు. అది ఆయన తినడే!

సార్: అట్లా కుదరదు. ఫోన్ ఆయనకివ్వు.

కాలర్ భర్త: నమస్తే సార్. ఏది వదలాలో తెలుస్తలేదు.

సార్: అమ్మ చేతి మీదుగా బాగా తిన్నదేంటి అన్నా?

కాలర్ భర్త: (కాసేపు ఆగి) సీతాఫలం సార్. కాయలు తెచ్చి బియ్యం డబ్బాలో మాగబెట్టేది. పొద్దున లేవగానే నేను మూత తీసి ఒక్కొక్కటే నొక్కి చూసేవాణ్ణి. నేను పని నుంచి వచ్చేదాకా మెత్తబడ్డవాటిని పక్కన పెట్టేది, ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

సార్: అయితే అదే.

కాలర్ భర్త: అదే వదిలేస్తా సార్.

సార్: వదలండి. గయ పని అయినరోజు ఇంకే గుడీ పెట్టుకోకండి, ఆ పూట ఖాళీగా ఉండండి. కర్ర మరిచిపోవద్దు.

యాంకర్: కరీంనగర్ నుంచి కాలర్, క్లుప్తంగా అడగండి.

కాలర్ (కరీంనగర్): సార్, బాసరలో పాపకు అక్షరాభ్యాసం, వసంత పంచమి రోజు వెళ్లొచ్చా?

సార్: వెళ్లొచ్చు, కానీ ఆ రోజు విపరీతమైన రద్దీ. పసిపాప వరుసలో ఏడుస్తూ నిలబడితే పలక పట్టుకోదమ్మా. మామూలు రోజు చూసుకోండి. పాపకు కడుపునిండా పాలు పట్టి తీసుకెళ్లండి. ఆటో కిరాయి ముందే...

యాంకర్: ముందే మాట్లాడుకోవాలి! సమయం అయిపోయింది సార్, థాంక్యూ. లైన్లో ఉన్నవాళ్లు వచ్చేవారం ప్రయత్నించండి.